పిందె లేని పువ్వు రిజెక్టు

తాతయ్య ముప్పై ఒక్క ఏళ్లు సీసాల ఫ్యాక్టరీలో కూర్చుని చేసిన పని ఒక్కటే: వద్దనడం. వెనక తెల్లటి లైటు, ముందు కదిలే బెల్టు, బెల్టు మీద వరసగా సీసాలు. బుడగ ఉన్నది, మెడ వంకర ఉన్నది, అడుగున వెంట్రుకంత చీలిక ఉన్నది చటుక్కున పట్టుకుని పక్కనున్న తొట్టిలో పారెయ్యాలి. తొట్టిలో సీసా భళ్లున పగిలితే ఆయనకు అదో తృప్తి. బాగున్న సీసాలను ఆయన ఏనాడూ ముట్టుకోలేదు. అవి వాటంతటవే వెళ్లిపోయేవి, వాటితో ఆయనకు పరిచయమే లేదు. ఇంట్లోనూ అదే పద్ధతి. కూర బాగుంటే నోరు మెదపడు. ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైందా, ముద్ద పక్కన పెట్టి "ఇది వెళ్లదు" అంటాడు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని రిజెక్టు గారు అని పిలిచేవారు. ఆయన అది బిరుదు అనుకున్నాడు.

రిటైరైన రోజు ఫ్యాక్టరీ వాళ్లు గోడ గడియారం ఇచ్చారు. తాతయ్య దాన్ని అందరి ముందూ లైటుకు ఎత్తి చూసి, అద్దం మీద సన్న గీత ఉందని తేల్చి, అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేశాడు. మేనేజరు మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదట. గీత నిజంగానే ఉంది, అది వేరే సంగతి.

మర్నాటి నుంచి అమ్మమ్మకు గ్రహచారం మొదలైంది.

అమ్మమ్మది కుట్టుపని. కొత్త బట్టలు కుట్టదు. చిరిగినవి, బిగుతైనవి, పొడుగైనవి, జిప్పు ఊడినవి, ఇంకెవరో పాడుచేసినవి ఆమె దగ్గరికి వస్తాయి. వీధి వైపు గదిలో కిటికీ పక్కన ఆమె మిషను. తాతయ్య పొద్దున్నే వెళ్లి సాయంత్రం వచ్చేవాడు గనక ఇన్నేళ్లూ ఆ గదిలో ఆమె మాటే చెల్లింది. పాడుకుంటే పాడుకుంది, వచ్చిన వాళ్లతో ఊసులాడితే ఆడింది. ఇప్పుడు తొమ్మిది కొట్టకముందే ఒక పెద్దమనిషి కుర్చీ లాక్కుని మిషను పక్కనే తిష్ఠ వేసేవాడు. ఆమె కుట్టి పక్కన పెట్టిన ప్యాంటును తీసి కిటికీ వెలుగుకు ఎత్తేవాడు.

"ఇక్కడ అంగుళానికి పదకొండు కుట్లు ఉన్నాయి. ఇక్కడ పదే ఉన్నాయి."

"తొడుక్కునేవాడు లెక్కపెట్టుకుంటాడా?"

"నేను పెట్టానుగా."

ఇది మొగుడూ పెళ్లాల మధ్యే ఉంటే అమ్మమ్మ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేది. కానీ ఒకరోజు బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ తన కోటు కోసం వచ్చి, వేసుకుని, అద్దంలో చూసుకుని మురిసిపోతుంటే, తాతయ్య ఆవిడ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎడమ భుజం దగ్గర ఆగి, "ఇది వెళ్లదు" అన్నాడు. టీచరమ్మ కోటు విప్పి సంచిలో కుక్కుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ నెలలో ఇంకో నలుగురు రాలేదు.

"ఏమండీ, మీరు ఏదో ఒక పని పెట్టుకోకూడదూ?" అంది అమ్మమ్మ, వీలైనంత మెత్తగా.

"పెట్టుకున్నానుగా. నీకు సాయం చేస్తున్నాను."

అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ ఆయన వంక చూసిన చూపుకు, కాస్త సున్నితమైన మనిషైతే ఊరు విడిచి పోయేవాడు. తాతయ్య మాత్రం ఆ దారం కొస పీచులేచి ఉందన్నాడు.

ఆమెను ఆదుకున్నది కూరలావిడ. ఆవిడకు ఊరి బయట కాస్త నేల ఉంది. పండించింది బండి మీద వేసుకుని వీధి వీధీ తిరుగుతుంది. సంచి పట్టీ తెగితే కుట్టించుకోవడానికి వచ్చి, గదిలో పరిస్థితి ఒక్క చూపులో అర్థం చేసుకుంది. మర్నాడు కాగితం పొట్లంలో గింజలు తెచ్చి తాతయ్య చేతిలో పెట్టింది.

"చిన్న కర్బూజాలు అయ్యగారూ. పిడికిలంత కాస్తాయి. వీటికి వేడి అంటే ప్రాణం. ఎంత వేడికి ఉడికితే అంత తీపి. చల్లగాలి తగిలిందా, మూతి ముడుచుకుంటాయి. వీటిని పెంచడం అందరి వల్లా కాదులెండి."

ఆ చివరి మాటే మందు. తాతయ్య ఇరవై గింజల్నీ లైటు ముందు తిప్పి చూసి పన్నెండు పారేశాడు. మిగిలిన ఎనిమిదింటిని తడిగుడ్డలో చుట్టి, వెచ్చగా ఉండాలని చొక్కా లోపలి జేబులో మూడు రోజులు పెట్టుకు తిరిగాడు. ఆ మూడు రోజులూ ఆయన పక్కకు తిరిగి పడుకోలేదు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ముగ్గురు పిల్లల్ని కన్నప్పుడు కూడా ఆయన ఇంత జాగ్రత్త పడలేదని అమ్మమ్మ వీధిలో నలుగురికి చెప్పింది.

ఎనిమిదీ మొలిచాయి. ఇక గది కావాలి. కూలగొట్టిన ఇళ్ల కిటికీలు అమ్మే చోటికి పదకొండుసార్లు వెళ్లి, అక్కడి మనిషికి తల ప్రాణం తోకకు వచ్చేలా ఒక్కో అద్దాన్నీ ఎండకు పెట్టి చూసి, చివరికి పద్నాలుగు కిటికీలు మిద్దె మీదికి చేర్చాడు. వాటిని ఒకదానికొకటి స్క్రూలతో బిగించి గాజు గది కట్టాడు. లోపల నాలుగు అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల పొడవు. మధ్యాహ్నం అందులోకి వెళ్లి పది లెక్కపెట్టేలోగా కళ్లజోడు ఆవిరి పట్టేది. ఎనిమిది తొట్లు, ఎనిమిది తాళ్లు, తాళ్లు పట్టుకుని పైకి పాకే తీగలు. మూడు థర్మామీటర్లు కూడా తగిలించాడు. మూడూ మూడు రకాలుగా చెబుతుంటే రెండు పారేసి, ఎక్కువ చూపించేదాన్ని ఉంచుకున్నాడు.

కింద గదిలో కుర్చీ ఖాళీ అయింది.

అమ్మమ్మ మొదటి రోజు నమ్మలేదు. రెండో రోజు కుర్చీని గోడవైపు తిప్పి దాని మీద బట్టల మూట పెట్టింది. వారానికి పాట అందుకుంది. ఇరవై రెండు మెట్ల పైన ఉన్న మొగుడంత ముచ్చటైన మొగుడు ఇంకొకడు ఉండడని ఆమెకు అప్పుడే తెలిసింది. పోయిన వాళ్లలో ఇద్దరు తిరిగొచ్చారు. లోపలికి తొంగిచూసి, "లేరా?" అని గుసగుసగా అడిగి మరీ కూర్చునేవారు.

ఈ సుఖం ఎన్నాళ్లు? ఒక సాయంత్రం భోజనాల దగ్గర తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఫ్యాక్టరీలో ఒక లైను సరుకు ఇవ్వకపోతే ఏం చేస్తారో తెలుసా? ఆపేస్తారు. అలాగే నేనూ ఒక మాట అనుకున్నాను. వానలు మొదలయ్యేలోగా ఆ తీగల మీద పది కాయలు నిలవాలి. ఒక్కటి తగ్గినా గది విప్పేస్తాను. ఆ తర్వాత పూర్తిగా నీ మిషను దగ్గరే ఉంటాను. పాపం, ఒక్కదానివే అవస్థ పడుతున్నావు."

అమ్మమ్మ గుండెల్లో రాయి పడింది. ఆయన మాట ఇస్తే తప్పడు. మంచి మాటైతే మరిచిపోయే అవకాశం ఉంది గానీ, ఇలాంటివి అసలు తప్పడు.

"పది ఎందుకు? నాలుగు చాలవూ?" అంది.

"నాలుగా! ఎనిమిది తీగలకు?" అని ఆయన కంచంలోకి చూసి నవ్వాడు, అమాయకురాలు అన్నట్టు.

ఆనాటి నుంచి కర్బూజాల మీద ఆయన కంటే ఆమెకే బెంగ పట్టుకుంది. పువ్వులు వచ్చాయి. పసుపు పచ్చగా, చొక్కా గుండీ అంత పువ్వులు. తీగకు అయిదారు చొప్పున రోజూ విచ్చుకునేవి. తాతయ్య వాటిని ఒక్కొక్కటిగా అద్దం వెలుగులో పరీక్షించి ఒక గొప్ప సంగతి కనిపెట్టాడు. కొన్ని పువ్వుల కింద కందిగింజంత పిందె ఉంది. చాలావాటి కింద ఏమీ లేదు, ఉత్త కాడ. అంటే ఏమిటి? ఖాళీ. తయారీలో లోపం. తిండి తింటాయి, కాయ ఇవ్వవు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం ఊరికే పోతుందా? రోజూ పొద్దున్న ఆరింటికి పైకి ఎక్కి, ఏడయ్యేసరికి పిందె లేని ప్రతి పువ్వునూ గోటితో గిల్లి బకెట్లో పడేసేవాడు. పిందె ఉన్నవాటిని మాత్రం కళ్లలో పెట్టుకుని చూసుకునేవాడు.

ఆ కళ్లలో పెట్టుకున్నవన్నీ మూడో రోజుకు పసుపురంగు తిరిగి రాలిపోయేవి.

తాతయ్య నీళ్లను అనుమానించాడు. మట్టిని అనుమానించాడు. పక్క మిద్దె వాళ్ల పొగగొట్టాన్ని అనుమానించాడు. ఒకరోజు మిషను చప్పుడుకు గోడలు అదిరి పిందెలు రాలుతున్నాయేమో అన్నాడు. అమ్మమ్మ ఆ పూట ఏమీ వండలేదు.

రెండు వారాలు గడిచాయి. కాయలు సున్నా. అమ్మమ్మ రాత్రి దేవుడికి పెట్టే దండంలో కర్బూజాలు కూడా చేరాయి. అలా ఉండగా కూరలావిడ చిరిగిన జాకెట్టు పట్టుకుని వచ్చింది. గుమ్మం పక్కన తాతయ్య దించిపెట్టిన బకెట్ ఉంది. ఆవిడ అందులోకి చూసి, ఒక పువ్వు తీసి, ముక్కున వేలేసుకుంది.

"అమ్మగారూ, ఇవెవరు తెంపారు?"

"ఇంకెవరు? పనికిరానివట. పిందె లేదట వాటికి."

కూరలావిడ గుమ్మంలోనే కూలబడి నవ్వింది. కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

"మగపువ్వుకు పిందె ఎలా ఉంటుందమ్మా! పెళ్లికొడుకుల్నందర్నీ చెత్తబుట్టలో వేసి, పెళ్లెందుకు కావడం లేదని ఏడుస్తున్నాడా మీ ఆయన?"

అమ్మమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"అయితే ఈ మగవాటిని ఉంచితే నిలుస్తాయా?"

"ఉంచితే చాలదు. బయటైతే తేనెటీగ తిరుగుతుంది. ఆ గాజుపెట్టెలోకి అదెలా వస్తుంది? పొద్దున్న పూటే మగపువ్వు రేకులు తీసేసి, మధ్యలో పొడి ఉంటుంది చూడండి, దాన్ని పిందె పువ్వు లోపల మెల్లగా అద్దాలి. అంతే. అయ్యగారికి చెప్పండి."

చదువుకున్నవాళ్లు ఈ పనికి ఏదో పెద్ద పేరు పెట్టారట. అమ్మమ్మ దానికి సంబంధం కుదర్చడం అని పేరు పెట్టుకుంది.

అయ్యగారికి చెప్పడమా? అమ్మమ్మ ఆ మధ్యాహ్నమంతా ఆలోచించింది. చెబితే మొదట నమ్మడు. నమ్మితే ఇంకా ప్రమాదం. మంచి సరుకును పారేసిన చెకింగు మనిషిని ఫ్యాక్టరీలో ఆ కుర్చీలో మళ్లీ కూర్చోనివ్వరని ఆయనే వెయ్యిసార్లు చెప్పాడు. తనంతట తానే దిగి కిందికి వచ్చేస్తాడు. గోడవైపు తిరిగిన ఆ కుర్చీని చూడగానే ఆమెకు చెమట పట్టింది. చెప్పకూడదు. సంబంధాలు తనే కుదర్చాలి.

తాతయ్య ఏడున్నరకు స్నానానికి వెళితే ఎనిమిదింపావు దాకా రాడు. సబ్బుబిళ్లను కూడా తిప్పి చూసే మనిషి మరి. ఏడున్నర అయిందో లేదో అమ్మమ్మ తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ ఇరవై రెండు మెట్లూ ఎక్కేది. బకెట్లో ఇంకా వాడిపోని పువ్వు ఒకటి ఏరుకుని, రేకులు ఒలిచి, పిందె పువ్వు దగ్గర వంగేది. ముప్పై ఏళ్లు సూది పట్టిన చెయ్యి. పుప్పొడి ఒక్క రవ్వ కూడా నేల రాలేది కాదు. "నీకు ఇంతకంటే మంచివాడు దొరకడమ్మా, ఉన్నవాడితో సర్దుకో" అని ఆ పువ్వుకు చెప్పేది. అది అనుభవంతో చెప్పిన మాట.

"ఆ దుప్పటి నిన్ననే ఉతికావు కదా?" అన్నాడు తాతయ్య నాలుగో రోజు.

"మీరేగా మూల మీద మరక ఉందన్నారు."

"అన్నానా?" అని ఆయన ఆలోచనలో పడ్డాడు. అని ఉంటాడు కూడా. ఎప్పుడో ఒకప్పుడు అన్ని మూలల గురించీ అన్నాడు.

వారం తిరిగేసరికి అయిదు పిందెలు నిలిచాయి. గోళీలంత అయ్యాయి, నిమ్మకాయంత అయ్యాయి. తాతయ్య నడకే మారిపోయింది. మెట్ల మీద ఎవరు ఎదురైనా ఆపి రిజెక్టు పద్ధతి వివరించేవాడు. "అంతా ఏరివేతలో ఉంది. ఖాళీ పువ్వును ఉంచావా, తీగ సోమరిపోతు అవుతుంది." ఒకరోజు కూరలావిడను కూడా ఆపి చెప్పాడు. ఆవిడ పెదవి కొరుక్కుని, బండి మీద గుమ్మడికాయను గట్టిగా వాటేసుకుని, "అలాగా అయ్యగారూ" అంది.

కాయల బరువుకు తీగ తెగకుండా చిన్న ఉయ్యాల సంచులు కావాలని అమ్మమ్మకు ఆర్డరు కూడా వేశాడు. పాత బనియన్లు కత్తిరించి ఆమె అయిదు కుట్టింది. రెండు వెనక్కి వచ్చాయి. ఆమె వాటిని మార్చకుండా, ఓ గంట ఆగి, అవే మళ్లీ పంపింది. "ఇప్పుడు బాగున్నాయి" అన్నాడు.

అంతవరకు బాగానే ఉంది. కానీ గెలిచే మనిషిని ఆపడం ఎవరి తరం? అయిదు నిలిచాయి గనక ఏరివేత ఇంకా గట్టిగా చేస్తే పదీ నిలుస్తాయని తాతయ్య లెక్క కట్టాడు. ఖాళీ పువ్వును విచ్చుకునేదాకా ఎందుకు పోషించాలి? మొగ్గలోనే గిల్లేశాడు. బకెట్లో ఇప్పుడు ఉత్త పచ్చి మొగ్గలు. వాటిలో పొడి లేదు, ఏమీ లేదు. ఆకాశంలో మబ్బులు కూడా తిరగడం మొదలైంది.

అమ్మమ్మ కూరలావిడ చెయ్యి పట్టుకుంది. "నీ తోటలో మగపువ్వులు ఉన్నాయా?"

"కావలసినన్ని. పంపనా?"

ఆనాటి నుంచి రోజూ తెల్లారేసరికి, టమాటాల కింద తడిగుడ్డ పరిచిన స్టీలు డబ్బాలో అయిదారుగురు పెళ్లికొడుకులు ఊరి బయటి నుంచి దిగుమతి అయ్యేవారు. అమ్మమ్మ డబ్బాను తడిబట్టల అడుగున పెట్టుకుని పైకి ఎక్కేది. ఇంకో మూడు నిలిచాయి. ఎనిమిది. ఇక రెండే రెండు.

సరిగ్గా అప్పుడు కొళాయి ఆగిపోయింది. అమ్మమ్మ గాజు గదిలో మోకాళ్ల మీద కూర్చుని తొమ్మిదో సంబంధం మాట్లాడుతుంటే, నీళ్ల ట్యాంకు చూద్దామని తాతయ్య మిద్దె మీదికి వచ్చాడు. నడుముకు తువ్వాలు, ఒక చెవి నిండా సబ్బు నురగ.

"ఏం చేస్తున్నావు?"

అమ్మమ్మ లేవలేదు. లేద్దామన్నా మోకాళ్లు లేవవు.

"ఆ చేతిలో ఏమిటి?"

ఆమె డబ్బా ఆయన చేతికి ఇచ్చింది. ఆయన ఒక పువ్వు తీసి, అలవాటు చొప్పున వెలుగుకు ఎత్తి, "పిందె లేదు. ఇది రిజెక్టు" అన్నాడు.

"అవును, రిజెక్టే. మీ ఎనిమిది కాయల తండ్రులూ ఇలాంటి రిజెక్టులే."

తర్వాత కూరలావిడ చెప్పినదంతా చెప్పింది, బకెట్ సంగతి, దుప్పటి సంగతి కూడా. అంతా వింటుండగా ఆయన చెవి మీది నురగ మెల్లగా భుజం మీదికి జారింది.

"ఎనిమిదీనా?"

"ఎనిమిదీ."

తాతయ్య బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "రోజుకు నలభై చొప్పున తెంపాను" అన్నాడు. ఇంకాసేపటికి, "సీసాలప్పుడు కూడా ఇలాగే చేసి ఉంటానా?" అన్నాడు, ఆమెను కాదు, ఎదురుగా ఉన్న తీగను. ముప్పై ఏళ్లుగా ఆయన్ని ఎవరైనా ఒక్కసారి తప్పు పట్టాలని అమ్మమ్మ కోరుకుంది గానీ, ఆ పని ఆయనే చేసుకుంటాడని అనుకోలేదు.

"సీసాకు మగా ఆడా ఉండవు లెండి. అక్కడ మీరు సరిగ్గానే చూశారు."

ఆయన తల ఊపాడు. లేచి, గది మూల నుంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఎక్కడికి?"

"అన్న మాట అన్నట్టే. నావి సున్నా. గది విప్పేస్తాను. నీ మిషను దగ్గర కూర్చుంటాను. అక్కడైతే నాకు తెలిసిన పని."

ఇన్నాళ్లూ ఇరవై రెండు మెట్లు ఎక్కింది ఈ మాట వినకుండా ఉండడానికే. అమ్మమ్మ మోకాళ్లకు ఎక్కడి నుంచి బలం వచ్చిందో, లేచి నిలబడి తలుపుకు అడ్డం వచ్చింది.

"ఆగండి. మీవి సున్నా అని మీరే అన్నారు కదా? అయితే ఈ ఎనిమిదీ ఎవరివి?"

"నీవి."

"కాయలు నావైనప్పుడు తీగలు ఎవరివి?"

తర్కం ఎటు పోతోందో తాతయ్యకు అర్థమైంది.

"తీగలు నావైతే గది నాది. నా గది విప్పడానికి మీరెవరండీ? ఇక్కడ పది అనీ, పన్నెండు అనీ నేనేం అనలేదు. నాకు ఎనిమిది చాలు. ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు.

"మరి నేనేం చెయ్యను?" అన్నాడు. నురగ చెవితో ఆ ప్రశ్న అడిగిన మనిషిని చూసి నవ్వకుండా ఉండడం అమ్మమ్మ జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

"నాకు కింద మిషను పని ఉంది. ఇక్కడ ఒక మనిషి కావాలి. పొద్దున్నా సాయంత్రం నీళ్లు పొయ్యాలి. మగపువ్వు పొడి పిందె పువ్వుకు అద్దాలి. ఏ పువ్వునూ నన్ను అడక్కుండా తెంపకూడదు. ఒక్కటి తెంపినా పనిలోంచి తీసేస్తాను."

"తీసేస్తే?"

"పక్కింటాయన్ని పెట్టుకుంటాను."

పక్కింటాయన పువ్వును లైటుకు ఎత్తి చూసే రకం కాదు. అలాంటివాడి చేతిలో పడితే తీగలు ఏమవుతాయో తాతయ్య కళ్ల ముందు కనబడింది. "వాడు వద్దు," అన్నాడు వెంటనే, "నేనే ఉంటాను."

మర్నాడు పొద్దున్న చినుకులు పడుతుండగా అమ్మమ్మ మిషను ముందు కూర్చుంది. టీచరమ్మ తిరిగొచ్చి కోటు ఇచ్చింది. భుజం దగ్గర నిజంగానే అర అంగుళం ఎత్తుగా ఉందని ఇంట్లో వాళ్లు కూడా అన్నారట. అమ్మమ్మ కుట్టు విప్పుతుంటే మెట్ల మీది నుంచి కేక వినబడింది.

"ఏమేవ్! మూడో తీగ మీద ఒకటి విచ్చుకుంది. మగదా, ఆడదా?"

"కింద పిందె ఉందా?"

"లేదు."

"అయితే మగదే. ఉంచండి."

రెండు నిమిషాలకే మళ్లీ కేక.

"రేకు ఒకటి వంకరగా ఉంది. అయినా ఉంచాలా?"

"ఉంచండి!"

"ఆరో తీగ మీద రెండున్నాయి. రెంటికీ ఒకే మగపువ్వు సరిపోతుందా, తలా ఒకటి కావాలా? నువ్వు ఒకసారి పైకి వచ్చి చూస్తే బాగుంటుంది!"

టీచరమ్మ కప్పు వంక చూసి, "పైన ఎవరూ?" అంది.

"పనిమనిషి," అంది అమ్మమ్మ, "కొత్తగా చేరాడు." అని మిషను చక్రం మీద చెయ్యి వేసి, పెడల్ గట్టిగా తొక్కింది.